గుట్ట వెనక చెరువు: ఎనుమాముల నుంచి మూడు సైకిల్ రూట్లు

వరంగల్‌లో కొత్తగా గేర్ సైకిల్ కొన్న కుర్రాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే ఉంటుంది. "అన్నా, మన దగ్గర ఘాట్ రోడ్డు ఎక్కడుంది?" రీల్స్‌లో అరకు చూస్తారు, లంబసింగి చూస్తారు, అనంతగిరి చూస్తారు. చూసి మన ఊరి దిక్కు చూస్తే మొహం చిన్నబోతుంది. ఇక్కడేముంది, మార్కెట్టు, పత్తి చేన్లు, లారీలు తప్ప అని.

ఘాట్ లేదు తమ్ముడూ. ఉన్నమాట చెప్తున్నా. పాములా మెలికలు తిరిగే రోడ్డు, మంచులో చాయ్ ఫొటో, ఇవి కావాలంటే రైలెక్కాల్సిందే. కానీ గుట్టలున్నాయి. ఆ గుట్టల్లోంచి పోయే రోడ్లున్నాయి. ఆ రోడ్ల చివర ఎనిమిది వందల ఏళ్ల నాటి చెరువులున్నాయి. గుట్ట రోడ్డు పట్టుకుని పోతే చెరువు రావడం మన దగ్గర యాదృచ్ఛికం కాదు. అదెందుకో తెలిస్తే రూట్ దానంతట అదే దొరుకుతుంది.

ఈ వారం మూడు రూట్లు చెప్తా. మూడూ ఎనుమాముల మార్కెట్ దగ్గరే మొదలవుతాయి. ఆసియాలోనే రెండో పెద్ద మార్కెట్ అని మనం గొప్పగా చెప్పుకునే ఆ యార్డు దగ్గరే ఎందుకంటే, ఒకటి, అక్కడినుంచి నగరం ట్రాఫిక్‌లో పడకుండా ఇటు నర్సంపేట రోడ్డు, అటు ములుగు రోడ్డు రెండూ అందుతాయి. రెండోది, ఈ రోడ్ల పక్కన పండేది చాలావరకు చివరికి వచ్చేది ఆ యార్డుకే. సైకిల్ తొక్కేవాడికి ఆ సంగతి ఎంత ముఖ్యమో కాసేపట్లో చెప్తా.

ముందు గుట్టల సంగతి

మన గుట్టలు వరుసగా ఉండే కొండలు కావు. చాలావరకు ఒంటరి రాతి గుట్టలు. హన్మకొండలో పద్మాక్షి గుట్ట చూడండి, వరంగల్ కోటలో ఏకశిల గుట్ట చూడండి. చుట్టూ చదును, మధ్యలో ఒక్కటే రాయి లేచి నిలబడ్డట్టు ఉంటుంది. ఓరుగల్లు అనే పేరే ఒంటి రాయి నుంచి వచ్చిందంటారు. ఇలాంటి గుట్టను రోడ్డు ఎక్కదు, పక్కనుంచి తప్పించుకుని పోతుంది. అందుకే మన దగ్గర ఒకేసారి పది కిలోమీటర్ల చఢావు దొరకదు. చిన్న ఎక్కుడు, చిన్న దిగుడు, మళ్లీ ఎక్కుడు. ఫోన్‌లో ఎలివేషన్ గ్రాఫ్ చూస్తే రంపం పళ్లలా కనిపిస్తుంది.

తూర్పుకు, అంటే నర్సంపేట దాటినాక, ములుగు దాటినాక, సంగతి మారుతుంది. గుట్టలు ఒకదాని పక్కన ఒకటి చేరతాయి. రాయి కూడా మారుతుంది. నల్లగా, గుండ్రంగా ఉండే గ్రానైట్ పోయి పొరలు పొరలుగా ఉండే ఇసుకరాయి లాంటి రాళ్లు కనిపిస్తాయి. వంద కోట్ల ఏళ్లకు పైబడిన రాళ్లవి. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ రాళ్ల గుంపుకు పెట్టిన పేరు "పాకాల్ సూపర్‌గ్రూప్". మన పాకాల పేరే. మనం వీకెండ్‌కి పోయి చేపల పులుసు తినొచ్చే పాకాల పేరు ప్రపంచంలో ఎక్కడి జియాలజీ స్టూడెంటైనా చదవొచ్చన్నమాట.

ఇప్పుడు చెరువుల సంగతి. కాకతీయులు చెరువు కట్టాలనుకున్నప్పుడు చదునులో గొయ్యి తవ్వలేదు. రెండు గుట్టల మధ్య వాగు పారే సందు వెతికారు. ఆ సందుకు అడ్డంగా కట్ట పోశారు. మిగతా గోడల పని గుట్టలే చేసిపెట్టాయి. కొంచెం మట్టికి ఎక్కువ నీళ్లు. పాకాల అట్లాంటిదే, రామప్ప అట్లాంటిదే, లక్నవరం అట్లాంటిదే. గణపతిదేవుడి కాలం అంటే 13వ శతాబ్దం. అప్పటి ఇంజినీర్లకు డ్రోన్ లేదు, శాటిలైట్ లేదు. కాళ్లతో తిరిగి ఆ సందులు పట్టుకున్నారు.

మన రోడ్లు కూడా గుట్టలు దాటడానికి అలాంటి సందులే వెతుక్కుంటాయి. అందుకే గుట్టల దిక్కు తొక్కుకుంటూ పోతే ఏదో ఒక కట్ట మీద తేలతాం. మనది గుట్టల రూటూ, చెరువుల రూటూ రెండూ ఒకటే.

రూట్ 1: కొమ్మాల, రెండు మూడు గంటలు

మొదటిసారి పోయేవాళ్లకు ఇది. ఎనుమాముల నుంచి ధర్మారం దగ్గర నర్సంపేట రోడ్డెక్కి కొమ్మాల దాకా. గుట్ట మీద లక్ష్మీనరసింహస్వామి ఉంటాడు. హోలీ పండుగకు జాతర జరుగుతుంది. ప్రభ బండ్లు కట్టుకుని, పార్టీల జెండాలు కట్టుకుని జనం వస్తారు. ఆ రోజుల్లో మాత్రం సైకిల్‌తో ఆ దిక్కు పోకండి, రోడ్డు మొత్తం బండ్లదే.

మామూలు రోజుల్లో పొద్దున్నే పోతే గుట్ట కింద చల్లగా ఉంటుంది. సైకిల్ కింద పెట్టి మెట్లెక్కి చూడండి. దిక్కు దిక్కుకీ పత్తి, మక్క, మిర్చి చేన్లు. వచ్చేటప్పుడు మెయిన్ రోడ్డు వదిలి మొగిలిచర్ల మీదుగా ఊర్ల రోడ్డు పట్టుకోండి. అక్కడ కాకతీయుల నాటి ఏకవీర ఆలయం ఉంది. పెద్ద బోర్డులు, సెల్ఫీ పాయింట్లు ఉండవు. అదే దాని అందం.

ఈ రూట్‌లో నేర్చుకోవాల్సింది గేర్ల లెక్క. ఎక్కుడు వస్తుందంటే చాలామంది లేచి నిలబడి బలం కొద్దీ తొక్కుతారు. మూడో ఎక్కుడుకు కాళ్లు పోతాయి. లెక్క చెప్తా వినండి. 65 కిలోల మనిషి, సైకిలూ నీళ్ల సీసాలూ కలిపి ఇంకో 15 కిలోలు, మొత్తం 80. చదును రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోవడానికి సుమారు 70 వాట్లు చాలు, అంటే ఒక సీలింగ్ ఫ్యాన్ తిరిగేంత. అదే 4 శాతం వాలు, అంటే ప్రతి వంద మీటర్లకు నాలుగు మీటర్ల ఎత్తు ఎక్కే రోడ్డు మీద, వేగం సగానికి తగ్గించి గంటకు 10 కిలోమీటర్లతో పోయినా 100 వాట్లు కావాలి. అక్కడే హీరోయిజం చూపించి 15 కిలోమీటర్లతో పోదామంటే 170 వాట్లు. రెండు ఫ్యాన్లకు పైగా. చదునులో గాలి మనల్ని ఆపుతుంది, ఎక్కుడులో మన బరువే మనల్ని ఆపుతుంది. అందుకని ఎక్కుడు మొదలవ్వకముందే చిన్న గేర్‌కు రండి. కూర్చునే తొక్కండి. మాట్లాడుతూ తొక్కగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట రాకపోతే తగ్గించండి.

గేర్ లేని సైకిల్ ఉందా? పర్వాలేదు. మన నాయినలు, తాతలు తొక్కిన సైకిల్‌కు పెడల్ ఒక్క చుట్టు తిప్పితే చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. చదునుకు హాయి, ఎక్కుడుకు కష్టం. వాళ్లు ఎక్కుడు రాగానే దిగి నడిపించుకుంటూ పోయేవాళ్లు. వెనక క్యారేజీ మీద బస్తా పెట్టుకుని మరీ. దిగి నడవడంలో నామోషీ ఏమీ లేదు.

రూట్ 2: పాకాల, రానూపోనూ వంద కిలోమీటర్లకు దగ్గర

నర్సంపేట రోడ్డు మీదే గీసుగొండ, గిర్నిబావి మీదుగా నర్సంపేట. అక్కడ టిఫిన్. అక్కడినుంచి పాకాల ఇంకో పది, పన్నెండు కిలోమీటర్లు. నర్సంపేట దాటినంక గుట్టలు ముందుకొస్తాయి, చెట్లు దగ్గరవుతాయి, ఎండ తగ్గుతుంది. కట్ట ఎక్కేదాకా నీళ్లు కనిపించవు. కట్ట ఎక్కగానే ఒక్కసారి కళ్ల ముందు మొత్తం పరుచుకుంటుంది.

గిర్నిబావి చుట్టుపక్కల దుగ్గొండి, నల్లబెల్లి మండలాల్లో మిర్చి చేన్లు చూస్తూ పోండి. గుండ్రంగా, టమాటలా ఉండే ఎర్ర మిర్చి కనిపిస్తే అదే చపాటా. కారం తక్కువ, రంగు ఎక్కువ. 2025లో వరంగల్ చపాటా మిర్చికి జీఐ ట్యాగ్ వచ్చింది. ఇకపై ఆ పేరుతో అమ్మే హక్కు ఈ ప్రాంతం పంటకే. మన రూట్ ఆ పంట మధ్యలోంచే పోతుంది.

పాకాల అభయారణ్యం. అక్కడ కొన్ని పనులు చేయొద్దు. స్పీకర్ పెట్టుకుని పాటలు వద్దు. చిప్స్ ప్యాకెట్లు జేబులోనే తిరిగి రావాలి. కోతులకు తిండి వేయొద్దు, వేస్తే తర్వాతి సైకిల్ వాడి బ్యాగు మీద పడతాయి. చీకటి పడకముందే అడవి దాటి నర్సంపేటకు వచ్చేయాలి.

ఇంకో సంగతి. పాకాల నీళ్లు కిందికి పోయి మున్నేరు అవుతాయి. మున్నేరు ఖమ్మం మీదుగా పోయి కృష్ణలో కలుస్తుంది. 2024 సెప్టెంబర్ మొదట్లో ఖమ్మంను ముంచింది ఆ మున్నేరే. రామప్ప, లక్నవరం నీళ్లు మాత్రం గోదావరి దిక్కు పోతాయి. అంటే నర్సంపేట నుంచి నల్లబెల్లి మీదుగా మల్లంపల్లికి పోయే రోడ్డులో ఎక్కడో ఒకచోట మనం కృష్ణ నీళ్ల నుంచి గోదావరి నీళ్లకు మారతాం. బోర్డు ఏమీ ఉండదు. ఒక ఎక్కుడు ఉంటుంది, తర్వాత దిగుడు ఉంటుంది. అంతే. వచ్చేటప్పుడు కొత్త రోడ్డు చూడాలనుకునేవాళ్లు పాకాల నుంచి నర్సంపేటకు వచ్చి, అదే రోడ్డున మల్లంపల్లికి పోయి, ఆత్మకూరు మీదుగా వెనక్కి రావొచ్చు. దూరం పెరుగుతుంది, కాళ్లు చూసుకుని నిర్ణయించుకోండి.

రూట్ 3: రామప్ప, లక్నవరం. రెండు రోజులు పెట్టుకోండి

ఎనుమాముల నుంచి పైడిపల్లి, ఆరెపల్లి దిక్కు పోతే జాతీయ రహదారి 163 అందుతుంది. ఆత్మకూరు, మల్లంపల్లి, ములుగు. ములుగు రాకముందే గట్టమ్మ గుట్ట ఎక్కుడు వస్తుంది. మేడారం పోయేవాళ్లు ముందు గట్టమ్మకు మొక్కి పోతారు. నేనూ అక్కడ ఆగుతా. భక్తి సగం, ఆయాసం సగం.

ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ నుంచి ఎడమకు తిరిగితే వెంకటాపూర్ మీదుగా పాలంపేట, రామప్ప గుడి. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడని శాసనం. 2021 జులైలో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. గుడి గోడల ఎర్ర ఛాయ చూడండి. అది ఇసుకరాయి. పొద్దున గ్రానైట్ గుట్టల మధ్య బయల్దేరి, మధ్యాహ్నానికి ఇసుకరాయి గుడి ముందు కూర్చుంటాం. పొద్దుటి నుంచి రాయి మారిందని నేను చెప్పిన మాట అక్కడ చేత్తో తాకి చూసుకోవచ్చు. గుడి చూసి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. మీరు మాత్రం చెరువు కట్ట దాకా పోండి. గుడికీ చెరువుకీ దూరం ఎంతో లేదు.

రాత్రి ములుగులో ఆగి, తెల్లారి గోవిందరావుపేట దిక్కు పోయి బుస్సాపూర్ దగ్గర లక్నవరం. వేలాడే వంతెన ఫొటోలు అందరూ చూసినవే. వంతెన మీద సైకిల్‌తో పోజులు పెట్టడం కంటే చెరువుకు పోయే అడవి రోడ్డు నెమ్మదిగా తొక్కడం నాకు ఇష్టం.

కొంతమంది దీన్ని ఒక్క రోజులో కొట్టేద్దాం అంటారు. దూరాల సైక్లింగ్‌లో బ్రెవే అని ఒక పద్ధతి ఉంది. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాలి. ఫస్ట్, సెకండ్ అని ఉండదు, టైమ్‌లో వస్తే చాలు. ఆ సాధన ఉన్నవాళ్లు ఒక్క రోజులో పోయి రావొచ్చు. మిగతావాళ్లు రెండు రోజులు పెట్టుకోండి. హైవే మీద అలసిపోయిన కాళ్లతో, చీకట్లో, లారీల పక్కన తొక్కడం సాహసం కిందికి రాదు.

మేడారం జాతర రెండేళ్లకోసారి, జనవరి చివరో ఫిబ్రవరిలోనో వస్తుంది. ఆ నెలంతా ఈ రోడ్డు మర్చిపోండి.

నగరానికి అవతలి దిక్కున ఉండేవాళ్లకు ఒక్క మాట. కాజీపేట వైపు ధర్మసాగర్ రిజర్వాయర్, దేవునూరు, ఇనుపరాతి గుట్టలు ఉన్నాయి. అది వేరే వారం రాస్తా.

మ్యాప్ చెప్పని మూడు సంగతులు

రూట్ ఫైల్ పంపమని అడుగుతారు చాలామంది. పంపుతా. కానీ అందులో ఉండేది ఒక గీత, ఒక ఎలివేషన్ గ్రాఫ్. మన రోడ్ల మీద ప్రాణం తీసేవీ, కాపాడేవీ ఆ గీతలో కనిపించవు.

మొదటిది మార్కెట్ టైమ్. ఆదివారం మార్కెట్ సెలవు. కాబట్టి పొద్దున ఐదింటికి బయల్దేరితే నర్సంపేట రోడ్డు ఖాళీగా ఉంటుంది. "అబ్బ, ఏం రోడ్డు" అనిపిస్తుంది. కానీ సీజన్‌లో అదే ఆదివారం సాయంత్రం సోమవారం మార్కెట్‌కు సరుకు బయల్దేరుతుంది. మిర్చి బస్తాలు, పత్తి నింపుకున్న ట్రాక్టర్లు, డీసీఎంలు, ఆటోలు. పత్తి బండి అయితే బాడీ బయటికి ఉబ్బి రోడ్డు సగం ఆక్రమిస్తుంది. డ్రైవర్‌కు అద్దంలో వెనక ఏమీ కనిపించదు. పొద్దున చూసిన రోడ్డే అనుకుని సాయంత్రం అదే ధీమాతో తొక్కితే ప్రమాదం. నా లెక్క ఏంటంటే, పత్తి మొదలయ్యే అక్టోబర్ చివరి నుంచి మిర్చి సద్దుమణిగే ఏప్రిల్ దాకా ఆదివారం మధ్యాహ్నం లోపే ఎనుమాములకు తిరిగి వచ్చేయాలి. ఇంకోటి, ఫిబ్రవరి, మార్చిలో మిర్చి యార్డు పక్కనుంచి పోయేటప్పుడు ఘాటు గొంతులో పడుతుంది. ఆయాసంతో నోరు తెరిచి పీల్చేవాడికి ఇంకా ఎక్కువ. ముక్కుకు దస్తీ కట్టుకోండి.

రెండోది వడ్లు. వానాకాలం కోతలప్పుడు, యాసంగి కోతలప్పుడు ఊర్ల రోడ్ల మీద ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉంటాయి. చుట్టూ రాళ్లు. సాయంత్రం పడితే కుప్ప చేసి పరదా కప్పుతారు. నల్ల పరదా, నల్ల రోడ్డు, చీకటి. ఏటా బైకుల మీద పోయే పిల్లలు వాటిని గుద్దుకుని చనిపోతున్నారు. సన్న టైరు సైకిల్‌కు వడ్లు గోలీల్లాంటివి. బ్రేక్ వేస్తే చక్రం ఆగుతుంది గానీ సైకిల్ ఆగదు.

ఇది చదివి "రోడ్డు మీద ఎందుకు పోస్తరు వీళ్లు" అని మండిపడే ముందు ఒక అంకె గుర్తుపెట్టుకోండి. 17 శాతం. కొనుగోలు సెంటర్‌లో వడ్లు మద్దతు ధరకు తీసుకోవాలంటే తేమ 17 శాతం దాటొద్దు. మిషన్ కోతలో పచ్చిపచ్చిగా వచ్చిన వడ్లు ఆరాలంటే గట్టి నేల కావాలి, ఎండ కావాలి. అందరికీ సిమెంటు కల్లాలు లేవు. తారు రోడ్డు ఉంది, వేడెక్కుతుంది, ఇంటి ముందే ఉంది.

పోయిన యాసంగిలో నర్సంపేట అవతల ఒక ఊర్లో వడ్లు పరిచి ఉంటే దిగి సైకిల్ నడిపిస్తున్నా. కాళ్లతో వడ్లు తిరగేస్తున్న పెద్దాయన ఆపాడు.

"ఏడికెళ్లి వస్తున్నవ్ బిడ్డా?"

"ఎనుమాముల నుంచి తాతా."

"మార్కెట్ కాడికెళ్లా? సైకిల్ మీదనా? బస్సు లేదా ఏంది?"

"బస్సు ఉంది తాతా. ఊరికే తొక్కుదామని."

నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదు, అర్థం కానితనం ఉంది. ఆయన వయసు వాళ్లు సైకిల్ తొక్కింది బస్సు పైసలు లేక. మనం తొక్కుతున్నది పైసలు పెట్టి. ఆయన మాత్రం ఆ మాట అనలేదు. నాకు పడమటి దిక్కు చూపించి అడిగాడు.

"నువ్వు అటుకెళ్లే వచ్చినవ్ గదా. గీసుగొండ కాడ మబ్బు పట్టిందా? చినుకు పడ్డదా?"

"మబ్బుంది తాతా. గాలి ఇటే కొడుతుంది. చినుకు మాత్రం పడలే."

ఆయన ఇంకేం మాట్లాడలేదు. లోపలికి తిరిగి "ఓ కోడలా, పరదాలు తే" అని కేకేశాడు. నేను సైకిల్ గోడకు ఆనించి ఒక మూల పట్టుకున్నా. ముగ్గురం కలిసి కుప్ప చేసి కప్పేసరికి అరగంట పట్టింది. కోడలు చెంబుతో సల్ల తెచ్చి ఇచ్చింది. వాన వచ్చిందా లేదా అన్నది చూసేంత సేపు నేను లేను, పాకాల దిక్కు వెళ్లిపోయా.

అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నా. దారిలో ఎవరు కనిపించినా వెనక వాతావరణం ఎట్లుందో చెప్తా. గంటకు 18 కిలోమీటర్లతో పోయేవాడు మబ్బు కంటే ముందు ఆ ఊరికి చేరతాడు కొన్నిసార్లు. ఫోన్‌లో వెదర్ యాప్ జిల్లా మొత్తానికి ఒకే బొమ్మ చూపిస్తుంది. సైకిల్ వాడు పదిహేను కిలోమీటర్ల కింద కళ్లతో చూసింది చెప్తాడు.

వడ్ల దగ్గర నియమాలు చిన్నవే. వడ్ల మీద నుంచి తొక్కొద్దు. అవతలి పక్క వాహనాలు వస్తుంటే ఆగండి, దిగండి. చీకటి పడ్డాక ఊర్ల రోడ్ల మీద అస్సలు వద్దు. లైటు ఎంత పవర్ ఉన్నా సరే.

మూడోది మత్తడి. ఇన్ని చెరువులున్న చోట వానాకాలం రోడ్డు చాలా అందంగా ఉంటుంది. జులై నుంచి సెప్టెంబర్ దాకా గుట్టలు పచ్చగా, చెరువులు నిండుగా. చెరువు నిండితే మత్తడి దుంకుతుంది, ఆ నీళ్లు వాగులో పడతాయి, వాగు లోలెవల్ వంతెన మీద నుంచి పారుతుంది. అందరూ అక్కడే వీడియో తీస్తారు. అర అడుగు లోతు పారే నీళ్లు మనిషిని పడేయగలవు. అడుగు లోతు నీళ్లు చిన్న కారును తోసేయగలవు. సైకిల్ ఎంత?

2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఒక్క రోజులో అంత వాన తెలంగాణలో అంతకుముందు నమోదు కాలేదు. మన రామప్ప ఉన్న మండలమే అది. అదే వానకు పక్కనున్న భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరు ఊరంతా నీళ్లలో మునిగితే జనం ఇళ్ల కప్పులెక్కారు. వాగుల మీద రోడ్డు కనిపించకపోతే, అవతలి ఒడ్డు నుంచి ఎవరైనా "ఏం కాదు, రా" అని పిలిచినా పోవద్దు. వెనక్కి తిరగండి. నలభై కిలోమీటర్లు వృథా అయితే అయ్యాయి.

బ్యాగులో ఏముండాలి

పంక్చర్ కిట్, ఒక ట్యూబ్, చిన్న పంపు. ఊర్లలో పంక్చర్ షాపులున్నాయి గానీ గేర్ సైకిల్ సన్న ట్యూబ్ వాళ్ల దగ్గర దొరకదు. రెండు సీసాల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. ఎండాకాలం తొమ్మిదింటికల్లా నీడ పట్టుకోవాలి. నెత్తిన హెల్మెట్, వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలగాలి. తిండికి ఎనర్జీ బార్లు మోసుకుపోనవసరం లేదు. రెండు సర్వపిండి ముక్కలు డబ్బాలో పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా కడుపు నిండుగా ఉంటుంది. దారిలో మక్క కంకులు, నిమ్మకాయ సోడా, ఇరానీ చాయ్ కాకపోయినా మంచి డబ్బా చాయ్. చిల్లర నోట్లు ఉంచుకోండి, గుట్టల మధ్య సిగ్నల్ లేక యూపీఐ తిరుగుతూనే ఉంటుంది. అమ్మాయిలు కూడా ఇప్పుడు గుంపులుగా వస్తున్నారు, చాలా సంతోషం. ఎవరైనా సరే ఇంట్లో ఒకరికి లైవ్ లొకేషన్ పెట్టి బయల్దేరండి.

చివరిగా ఒక పని చెప్తా. మీరు తొక్కిన రూట్‌ను యాప్‌లో పెట్టినప్పుడు వేగం, దూరం, ఎత్తు దానంతట అదే వస్తుంది. దాని కింద తెలుగులో మూడు లైన్లు మీరు రాయండి. ఏ ఊరి దగ్గర ఏ నెలలో వడ్లు ఆరబోస్తారు. ఏ వాగు మీద వంతెన ఎత్తు తక్కువ. పొద్దున ఐదింటికి చాయ్ ఏ బస్టాండ్ దగ్గర దొరుకుతుంది. మీ వెనక వచ్చే కొత్త కుర్రాడికి మీ యావరేజ్ స్పీడ్‌తో పని లేదు. ఆ మూడు లైన్లు మాత్రం వాడిని ఇంటికి చేరుస్తాయి.

ఈ ఆదివారం కొమ్మాలతో మొదలుపెట్టండి.